తగిన లినక్స్‌ను ఎన్నుకొనుట

కర్నూలు నుండి నంద్యాలకు పోవు రహదారిపై ఓర్వకల్లు ఉన్నది. వింత ఆకారములు గల శిలలకు ఈ గ్రామము పేరు పొందినది. 2021వ సంవత్సరము మార్చి నెలలో ఇచట ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయము ప్రారంభింపబడినది. ఆ ప్రాంతముననే గని, శకునాల గ్రామముల భూములలో 1000 మెగావాట్ల సామర్థ్యము గల సౌరవిద్యుత్ ఫలకములు బారులు తీరి కనిపించును. ఇన్ని మార్పులు వచ్చినను, చుట్టుపట్ల రైతులలో పెక్కుమంది నేటికిని వానను నమ్మికొని మెట్టసేద్యము చేయువారే.

ఇంటర్మీడియట్ చదువు ముగిసిన పిమ్మట ఈ సీమ బాలబాలికలు కర్నూలు, నంద్యాల మొదలగు పట్టణములలోని కళాశాలలలో చేరుదురు. 2015వ సంవత్సరమున ఏర్పడి, కర్నూలు చెంత జగన్నాథగట్టుపై నెలకొనియున్న ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలును ఇచట కలవు. కళాశాలలో చేరిన విద్యార్థికి నేడు పుస్తకములతో పాటు లాప్‌టాప్ కూడ అవసరమగుచున్నది. మెట్టరైతు ఇంటిలో దానిని కొనుటకు ఒక పంటపై వచ్చిన రాబడియో, పొదుపు సంఘములో తల్లి తెచ్చిన అప్పో వెచ్చింపవలసి యుండును. ఒకసారి కొన్న యంత్రము నాలుగేండ్ల చదువు ముగియు వరకు నిలువవలెను. కావున దానిని కొనుటలో ఎంత జాగ్రత్త అవసరమో, అందులో ఏ వ్యవస్థను నెలకొల్పవలెనో నిర్ణయించుటలోను అంత జాగ్రత్త అవసరము.

దుకాణములలో కొన్ని లాప్‌టాప్‌లు విండోస్ అను వ్యవస్థతోను, కొన్ని అది లేకుండను అమ్మబడును. విండోస్ ఒక వ్యాపార సంస్థ సొత్తు. దాని అనుమతికై చెల్లించు మొత్తము యంత్రము వెలలో చేరియుండును. అది లేని యంత్రమున లినక్స్‌ను నెలకొల్పుకొనవచ్చును. లినక్స్‌కు సాధారణముగా వెల లేదు. కాని లినక్స్ అను పేరుతో లభించునది ఒకటి కాదు. ఉబుంటు, డెబియన్, మింట్, ఫెడోరా, ఆర్చ్ అని వందల కొలది రూపములు కలవు. ఇన్నింటిలో దేనిని ఎన్నుకొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న, మొదట లినక్స్ అనగా నేమో తెలిసికొనవలెను.

కంప్యూటరునకు మీటలు, తెర, జ్ఞాపకశక్తి, గణనచేయు భాగము అను అవయవములు కలవు. ఇవి వేనికవి ఉన్నంత మాత్రమున పని జరుగదు. మీట నొక్కినప్పుడు తెరపై అక్షరము కనిపించుటకును, వ్రాసినది భద్రపడుటకును, ఒకేసారి పెక్కు పనులు ఒకదాని కొకటి అడ్డుపడక సాగుటకును వీని నన్నింటిని నడపు కార్యకర్త యొకటి కావలెను. దానినే ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. దాని నడుమ నుండి, యంత్రభాగములతో నేరుగా వ్యవహరించు ముఖ్యాంశమునకు కెర్నెల్ అని పేరు. కెర్నెల్ అనగా గింజలోని పప్పు. కర్నూలు సీమలో బుడ్డలని పిలువబడు వేరుశెనగ కాయలను చూచినచో ఈ పేరు ఎంత తగినదో తెలియును. పై తొక్క ఎట్లున్నను సారమంతయు లోని పప్పులోనే ఉన్నది.

ఈ కెర్నెల్‌ను మొదట వ్రాసినవాడు ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయములో చదువుకొనుచుండిన లినస్ టోర్వాల్డ్స్. 1991వ సంవత్సరము ఆగస్టు నెలలో తాను ఇట్టి దానిని తయారుచేయుచున్నట్లు అతడు ప్రకటించెను. అప్పటికి అతని వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు మాత్రమే. అంతకు ముందే, 1983లో, అమెరికా దేశీయుడగు రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ఆరంభించి యుండెను. ప్రోగ్రామును ఎవరైనను ఏ పనికైనను వాడుకొనవచ్చును, అది ఎట్లు పనిచేయుచున్నదో పరిశీలించి మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచిపెట్టవచ్చును, మార్చిన దానిని సైతము పంచవచ్చును. ఈ నాలుగు స్వేచ్ఛలును అందరికిని ఉండవలెననుట అతని సిద్ధాంతము. గ్నూ ప్రయత్నమున తయారైన పనిముట్లును, టోర్వాల్డ్స్ వ్రాసిన కెర్నెల్‌ను కలిసినప్పుడు సంపూర్ణమైన వ్యవస్థ ఏర్పడెను. నేడు ఆండ్రాయిడ్ ఫోనులలో ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రపంచమున అత్యంత వేగవంతములైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టికను చూచినచో, 2017 నవంబరు నుండి అవి యన్నియు లినక్స్‌పైననే నడచుచున్నవి.

కెర్నెల్ మాత్రమే చేతికి వచ్చిన విద్యార్థికి దానితో పని జరుగదు. దానికి తోడు గ్నూ పనిముట్లు, తెరపై కనిపించు బొమ్మలు, కిటికీలు, వ్రాతకును లెక్కలకును కావలసిన ప్రోగ్రాములు, వానిని చేర్చుటకును తొలగించుటకును ఒక ఏర్పాటు అన్నియు కావలెను. వీని నన్నింటిని సమకూర్చి, ఒకదానితో నొకటి పొసగునట్లు పరీక్షించి, ఒక్క మూటగా కట్టి ప్రజలకు అందించుటనే పంపిణీ అందురు. ఇంగ్లీషులో దీనిని డిస్ట్రిబ్యూషన్ అని పిలుతురు. పప్పు ఒక్కటే అయినను ఒక ఇంట పచ్చడియు, ఒక ఇంట ఉండలును చేసినట్లు, కెర్నెల్ ఒక్కటే అయినను దానిని ఆధారముగా చేసికొని వేర్వేరు బృందములు వేర్వేరు పంపిణీలను తయారుచేసినవి.

వీనిలో కొన్నింటికి వంశక్రమము కలదు. 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ మిక్కిలి ప్రాచీనమైన పంపిణీలలో నొకటి. అది ఏ వ్యాపార సంస్థకును చెందక, స్వచ్ఛంద సేవకుల చేత నడపబడుచున్నది. దానిని ఆధారముగా గైకొని 2004లో ఉబుంటు వెలువడెను. ఉబుంటును ఆధారముగా గైకొని 2006లో మింట్ ఆరంభమయ్యెను. వేరొక వంశమునకు చెందిన ఫెడోరా 2003లో వచ్చెను. ఆర్చ్ అనునది వీనితో సంబంధము లేక 2002లో పుట్టినది. ఒకే వంశమునకు చెందిన వానిలో ఒకదానిని నేర్చినచో తక్కినవి సులభముగా పట్టుపడును.

తెలుగువారికిని ఈ చరిత్రలో స్థానము కలదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఆంధ్రదేశమున వ్యాపింపజేయుటకు ఏర్పడిన సంఘమొకటి తరువాత స్వేచ్ఛ అను పేరుతో ప్రసిద్ధి కెక్కినది. ఆ పేరుతోనే 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ వెలువడినది. తెరపై కనిపించు ఆజ్ఞలును, సూచనలును తెలుగులో ఉండవలెనన్న, వేల కొలది మాటలను ఒక్కొక్కటిగా తెనిగింపవలెను. ఒక మాట అతి గ్రాంథికమైనచో చదువరికి బోధపడదు. ఇంగ్లీషు మాటనే యుంచినచో తెనిగించిన ఫలము దక్కదు. ఇట్టి చిక్కులను విప్పుచు ఆ సేవకులు పనిచేసిరి. భారత ప్రభుత్వ సంస్థయగు సీడాక్ కూడ డెబియన్ ఆధారముగా బాస్ అను పంపిణీని 2007లో వెలువరించినది. తెలుగుతో సహా పెక్కు భారతీయ భాషలకు అందులో చోటు కలదు. పొరుగున కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలకై ఉబుంటు ఆధారముగా ప్రత్యేకమైన పంపిణీ తయారుచేయబడి, పిల్లలు దానిపైననే నేర్చుకొనుచున్నారు. కావున లినక్స్ పండితులకే గాని పిల్లలకు పనికిరాదనుట సరికాదు.

ఇక ఎన్నుకొను విధమును చూతము. మెట్టరైతు విత్తనము కొనునప్పుడు పొరుగూరిలో ఏది బాగుగ పండినదని మాత్రమే విచారింపడు. తన నేల నల్లరేగడియా, ఎఱ్ఱనేలయా, వాన ఎప్పుడు పడును, పంట ఎన్ని దినములకు చేతికి వచ్చును అని ఆలోచించును. పంపిణీ విషయమునను ఇట్టి విచారమే తగినది. ముఖ్యముగా ఐదు సంగతులు చూడవలెను.

మొదటిది చదువు. కళాశాలలో ఏ ప్రోగ్రాములు వాడుదురో ముందుగా అడిగి తెలిసికొనవలెను. సి, జావా, పైథాన్ వంటి భాషలలో ప్రోగ్రాములు వ్రాయుటకు ఏ లినక్స్ పంపిణీయైనను చాలును. వ్యాసములు వ్రాయుటకు, లెక్కల పట్టికలు వేయుటకు లిబ్రే ఆఫీస్ కలదు. కాని ఆటోక్యాడ్ వంటి కొన్ని ప్రోగ్రాములు విండోస్‌కై చేయబడినవి. అవి లినక్స్‌పై నేరుగా నడువవు. సివిల్, మెకానికల్ శాఖల విద్యార్థులు ఈ విషయమును మరువరాదు. అట్టివారు విండోస్ గల యంత్రమునే కొని, దాని ప్రక్కన లినక్స్‌ను కూడ నెలకొల్పుకొనవచ్చును. యంత్రమును తెరచినప్పుడెల్ల రెండింటిలో దేనిని నడుపవలెనో కోరుకొనవచ్చును. దీనిని డ్యూయల్ బూట్ అందురు.

రెండవది యంత్రము. పాత యంత్రమునకు ఒక చిక్కు, క్రొత్త యంత్రమునకు వేరొక చిక్కు కలదు. పాత యంత్రమున ర్యామ్ తక్కువగా నుండును. నాలుగు జీబీల ర్యామ్ మాత్రమే యున్నచో ఎక్కువ అలంకారములు గల తెర దానికి బరువగును. ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలికపాటి తెర గల మింట్ గాని, లుబుంటు గాని అట్టి దానికి తగినవి. విండోస్ 10నకు సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినందున, క్రొత్త విండోస్‌ను నెలకొల్పుటకు వీలులేని పాత యంత్రములకు ఇట్టి పంపిణీలు మరల ఆయువు పోయుచున్నవి.

క్రొత్త యంత్రము సంగతి వేరు. అందులోని వైఫై భాగము నిన్న మొన్న తయారైనది కావచ్చును. రెండేండ్ల క్రిందటి కెర్నెల్‌కు దాని ఆనవాలు తెలియదు. అప్పుడు యంత్రము చక్కగా తెరచుకొనును గాని ఇంటర్నెట్ రాదు. క్రొత్తది కొనినను పనిచేయలేదేమని విద్యార్థి కలత చెందును. లోపము యంత్రమునది కాదు, పంపిణీది కాదు. రెండింటి వయస్సులకు పొత్తు కుదరకపోవుటయే కారణము. డెబియన్ స్థిరత్వమును కోరి, ఒకసారి విడుదల చేసిన పిమ్మట కెర్నెల్‌ను క్రొత్త తరమునకు మార్చక నిలుపును. ఫెడోరా క్రొత్త కెర్నెల్‌లను వెంటవెంటనే అందించును. ఉబుంటు తన దీర్ఘకాలిక రూపమునకు నడుమ నడుమ క్రొత్త కెర్నెల్‌ను చేర్చిన ప్రతులను వెలువరించును. మరియొక సంగతి కూడ కలదు. వైఫై భాగములలో పెక్కింటికి వాని తయారీదారు లిచ్చు స్వేచ్ఛ లేని చిన్న ప్రోగ్రాములు అవసరము. సిద్ధాంతమును బట్టి డెబియన్ చాలకాలము వానిని తన స్థాపక ప్రతిలో చేర్చలేదు. 2022లో సభ్యులు ఓట్లు వేసి నియమమును మార్చిరి. 2023లో వచ్చిన 12వ డెబియన్ నుండి అవి చేర్చబడుచున్నవి. సిద్ధాంతమునకును సౌకర్యమునకును నడుమ ఇట్టి సంఘర్షణ వచ్చినప్పుడు దానిని అందరి యెదుట చర్చించి తీర్మానించుట ఈ సమాజముల పద్ధతి.

మూడవది కాలము. ప్రతి వ్యవస్థలోను లోపములు బయటపడుచుండును. దొంగలు వానిలో ప్రవేశింపకుండ వానిని సవరించుచుండవలెను. ఈ సవరణలను ఎన్నాళ్లు ఇత్తురో చూచుట ముఖ్యము. ఉబుంటు సరి సంవత్సరముల ఏప్రిల్ నెలలో దీర్ఘకాలిక రూపమును విడుదల చేసి, ఐదేండ్లు సవరణలు ఇచ్చును. 2024 ఏప్రిల్‌లో వచ్చిన దానికి 2029 వరకు రక్షణ కలదు. మింట్‌కును, డెబియన్‌కును సుమారు ఐదేండ్ల రక్షణ లభించును. నాలుగేండ్ల చదువునకు ఇది చాలును. ఫెడోరా ఒక్కొక్క రూపమునకు పదమూడు నెలల కాలము మాత్రమే సవరణలు ఇచ్చును. పిమ్మట తరువాతి రూపమునకు మారవలెను. ఆర్చ్‌కు రూపములే లేవు. అది ప్రవాహము వలె ఎడతెగక మారుచుండును. దానిని వాడువాడు తరచుగా మార్పులను గమనించుచు, తేడా వచ్చినచో తానే సరిదిద్దుకొనవలెను.

నాలుగవది ఇంటర్నెట్. పట్టణ వసతిగృహములో వైఫై ఉండవచ్చును. సెలవులకు పల్లెకు వచ్చినప్పుడు తండ్రి ఫోను నుండి హాట్‌స్పాట్ తీసికొనవలసి యుండును. దినమునకు ఒకటి రెండు జీబీలు మాత్రమే లభించు చోట, తరచుగా పెద్ద మార్పులను దింపుకొనవలసిన పంపిణీ భారమగును. పంపిణీ యొక్క మొదటి ప్రతియే పెక్కు జీబీల పరిమాణము గలది. ఐనను ఇందు ఒక సౌకర్యము కలదు. ఒక విద్యార్థి దింపిన ప్రతిని పదిమంది పెన్‌డ్రైవులలో పంచుకొనవచ్చును. ఇది దొంగతనము కాదు. లినక్స్ అనుమతి పత్రమే ఆ హక్కును ఇచ్చుచున్నది.

ఐదవది సహాయము. చిక్కు వచ్చినప్పుడు ఆదుకొనువారు దగ్గరలో ఉండవలెను. కళాశాల ప్రయోగశాలలో ఉబుంటు ఉన్నచో, పై తరగతి విద్యార్థులు దానినే వాడుచున్నచో, క్రొత్తవాడును దానినే ఎన్నుకొనుట మేలు. మెచ్చదగిన గుణములు వేరొకదానికి ఒకటి రెండు ఎక్కువగా ఉన్నను, పరీక్షల ముందటి రాత్రి ప్రక్క గదిలోని స్నేహితుడు చేయగల సహాయమునకు అవి సాటిరావు.

ఈ ఐదింటితో పాటు తెలుగును కూడ పరీక్షించి చూచుకొనవలెను. యూనికోడ్ అను అంతర్జాతీయ పద్ధతిలో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అక్షరములకు స్థానములున్నంత మాత్రమున చాలదు. వత్తులును, గుణింతములును తమ చోట కుదురవలెను. స్త్రీ, రాష్ట్రము, జ్యోత్స్న, లక్ష్మి అను మాటలను వ్రాసి చూచినచో లోపము వెంటనే తెలియును. పోతన, వేమన అను పేర్లు గల తెలుగు అక్షరరూపములు స్వేచ్ఛగా పంచుకొనుటకు వీలుగా డెబియన్‌లోను, దాని వంశపు పంపిణీలలోను లభించును. కీలకపలకపై తెలుగు వ్రాయుటకు ఇన్‌స్క్రిప్ట్ అను ఏర్పాటు నేటి ముఖ్యమైన పంపిణీలలో కలదు.

ఎంత విచారించినను కొన్ని సంగతులు అనుభవమున గాని తెలియవు. లినక్స్ ఇందుకు చక్కని ఉపాయము చూపుచున్నది. పంపిణీ ప్రతిని పెన్‌డ్రైవుపై వ్రాసి, దాని నుండియే యంత్రమును నడిపి చూడవచ్చును. లోని డిస్కుపై ఏమియు మారదు. ముందుగా, దింపిన ప్రతి చెడిపోలేదని రూఢి చేసికొనవలెను. పంపిణీదారులు ప్రతితో పాటు ఒక పొడవైన సంకేతమును ప్రకటింతురు. దింపిన ప్రతి నుండి లెక్కించిన సంకేతము దానితో సరిపోయినచో ప్రతి యథాతథముగా నున్నదని అర్థము. అంగడిలో తూచి తెచ్చిన సరుకును ఇంట మరల తూచుట వంటి దిది. పిమ్మట వైఫై, ధ్వని, కెమెరా, తెర వెలుతురు పనిచేయుచున్నవో లేవో చూడవలెను. మూత మూసి తెరచినప్పుడు యంత్రము మేలుకొనుచున్నదో లేదో కూడ చూడవలెను. ఈ పరీక్షలో నెగ్గిన పంపిణీనే నెలకొల్పవలెను.

నెలకొల్పునప్పుడు మూడు జాగ్రత్తలు తప్పనిసరి. యంత్రమున ఇదివరకే వ్రాతలు, ఛాయాచిత్రములు ఉన్నచో వానికి వేరొక చోట నకలు తీసియుంచవలెను. డిస్కును విభజించునప్పుడు జరుగు చిన్న పొరపాటు సర్వమును తుడిచివేయగలదు. విండోస్ ఉన్న యంత్రమైనచో, దాని డిస్కునకు తాళము వేయబడియున్నదేమో చూచి, ఆ తాళపు సంకేతమును కాగితముపై వ్రాసి దాచుకొనవలెను. పని ముగియు వరకు ఛార్జరును తీయరాదు. ఈ పనిని సెలవులలో చేయవలెను గాని పరీక్షల వారమున తలపెట్టరాదు.

పై సంగతుల నన్నింటిని కలిపి చూచినచో ఒక నిర్ణయమునకు రావచ్చును. మొదటి సంవత్సరము చదువు సాధారణ విద్యార్థికి, క్రొత్త యంత్రమునకు, ఉబుంటు దీర్ఘకాలిక రూపము గాని మింట్ గాని తగినవి. పాత యంత్రమునకు తేలికపాటి తెర గల పంపిణీ మేలు. స్థిరత్వమును కోరి, కొంత నేర్చిన వానికి డెబియన్. ఇంటర్నెట్ సమృద్ధిగా ఉండి క్రొత్త సంగతులను నేర్వగోరు వానికి ఫెడోరా తగును. ఆర్చ్ వలన యంత్రము లోపలి సంగతులు చక్కగా బోధపడును గాని, ఇంటిలో ఉన్న ఒకే యంత్రమును దానికై పణముగా పెట్టరాదు. కష్టమైన దానిని వాడుట గొప్ప అని తలంచి స్నేహితులతో పోటీపడువారు కొందరు కలరు. వారికి పంపిణీతో గడచిన కాలము చదువునకు దక్కదు. మరికొందరు తెరపై బొమ్మలు బాగుగ నున్నవని ప్రతి నెల ఒకదాని నుండి వేరొకదానికి మారుదురు. తెర అలంకారము పై తొక్క వంటిది; దానిని ఏ పంపిణీలోనైనను మార్చుకొనవచ్చును. దానికై పంపిణీనే మార్చనక్కరలేదు.

ఎన్నుకొనుటతో బాధ్యత తీరదు. సవరణలను వారమున కొకసారి యైనను చేర్చుకొనవలెను. అర్థము తెలియని ఆజ్ఞను ఎవరో చెప్పిరని యంత్రమునకు ఇయ్యరాదు. ముఖ్యముగా రహస్యపదమును అడుగు ఆజ్ఞల యెడ జాగరూకత వలయును. వ్రాసికొన్న పాఠములకు ఎల్లప్పుడును వేరొక నకలు ఉండవలెను.

లినక్స్‌ను వాడువాడు దానిని పుచ్చుకొనువాడు మాత్రమే కాడు. ఒక తెలుగు మాట తప్పుగా కనిపించినచో దానిని తయారుచేయువారికి తెలుపవచ్చును. తగిన మాటను సూచింపవచ్చును. నేర్పు కలిగినచో తానే సవరింపవచ్చును. తెలుగు వ్యవస్థను తయారుచేసినవారును ఇట్లే ఒక్కొక్క మాటగా పనిచేసిరి. ఓర్వకల్లు మెట్టపొలము నుండి వచ్చిన విద్యార్థి సవరించిన మాటను రేపు అమెరికాలోని తెలుగు బాలుడును తన తెరపై చదువును. ఎంత ఖరీదైన యంత్రమును కొనినను ఈ హక్కు దానితో రాదు. దానిని ఇచ్చునది లినక్స్. ఉపయోగించుకొనుట విద్యార్థి చేతిలో ఉన్నది.